కాంట ఆగయ్య చక్కెర తూకం

నాచారం పారిశ్రామికవాడలో ఏ లారీ డ్రైవరునైనా ఆపి ఆగయ్య ఎక్కడుంటాడని అడగండి. ముందు ఒక తిట్టు తిడతాడు, ఆ తర్వాత దారి చెబుతాడు. ముప్ఫై నాలుగేళ్లుగా ధర్మకాంట మీద కూర్చున్న మనిషికి ఇంతకంటే మంచి పేరు రాదు. లారీని లోడుతో ఒకసారి, ఖాళీగా ఒకసారి తూచి, ఆ తేడాను చిట్టీ మీద కొట్టి ఇవ్వడం ఆయన ఉద్యోగం. ఆ తేడాలో ఓ నలభై కిలోలు అటూ ఇటూ చేయమని బతిమాలినవాళ్లున్నారు, బెదిరించినవాళ్లున్నారు, పండక్కి యాటపోతును తోలిస్తామన్నవాళ్లున్నారు.

"నా కాంటకు సుట్టాలు లేరు బిడ్డా, ఇంక బండి తియ్యి," అనేవాడు ఆగయ్య.

ఒకసారి ఓ డ్రైవరు లోడు ఎక్కువ చూపించడానికి ఎనిమిదిమంది కూలీలను టార్పాలిన్ కింద పడుకోబెట్టి బండిని కాంట ఎక్కించాడు. ఆగయ్య కిటికీలోంచి టైర్ల వంక చూశాడు, చిట్టీ కొట్టకుండా బీడీ వెలిగించాడు. అరగంట అలాగే కూర్చున్నాడు. చివరికి టార్పాలిన్ తుమ్మింది. ఆ కథ చర్లపల్లి దాకా పాకింది. నేనైతే దాన్ని ఆగయ్య నోటే పదకొండుసార్లు విన్నాను, ప్రతిసారీ కూలీలు ఇద్దరేసి పెరిగేవారు. ఎనిమిది అన్నది మొదటిసారి చెప్పిన లెక్క, కనుక అదే రాశాను.

ఇలాంటి మనిషికి పన్నెండేళ్ల కింద షుగరు వచ్చింది. వచ్చినందుకు కాదు, తన కన్నుగప్పి వచ్చినందుకు ఆగయ్యకు ఒళ్లు మండింది. డాక్టరు రాసిన మాత్రలు మింగుతూనే, కాకరకాయ రసంలో మెంతులు, నేరేడు గింజల పొడి, తిప్పతీగ కలిపి సొంతంగా ఒక కషాయం కనిపెట్టాడు. దాని రంగు ఇంజనాయిలు రంగు. రుచి గురించి ఆయన భార్య సక్కుబాయిని అడిగితే, గిన్నె కూడా వేరే పెట్టానని చెప్పేది.

పొద్దున పూట చెరువు కట్ట మీద ఆగయ్యతో నడిచే స్నేహితుడు భూషణం. పరిశోధన సంస్థలో రాళ్లను కొలిచి రిటైరైన మనిషి. బందరు వైపు నుంచి వచ్చి నాచారంలో ముప్ఫై ఐదేళ్లయినా 'అండీ' వదల్లేదు. ఆయనకూ షుగరే. జేబులో పెన్ను ఉండాల్సిన చోట గ్లూకోమీటరు పెట్టుకుని తిరుగుతాడు.

"ఆగయ్య గారూ, కషాయంతో షుగరు తగ్గేటట్టయితే మేమంతా మాత్రలెందుకండీ మింగడం?" అన్నాడు ఆషాఢంలో ఒకరోజు.

"మీకు తెల్వక మింగుతున్రు సారూ."

అక్కడికక్కడే పందెం పడింది. దసరా నాటికి ఎవరి పరగడుపు షుగరు తక్కువుంటే వాళ్లు గెలిచినట్టు. భూషణం ఓడితే నలభై రోజులు కషాయం తాగాలి. ఆగయ్య ఓడితే, భూషణం చెప్పిన డాక్టరు దగ్గరికి నోరు మూసుకుని వెళ్లి, ఆమె చెప్పినట్టల్లా వినాలి. జేబులోని మీటరుతోనే చూద్దామని భూషణం అన్నాడు గానీ ఆగయ్య ఒప్పుకోలేదు.

"మీ మిషన్ మీ జేబుల ఉంటది. గది నేనెట్ల నమ్మాలె? మూడో మనిషి కాంటనే కాంట."

మూడో మనిషి అంటే సరిత. నాచారం చౌరస్తా దగ్గర చిన్న గదిలో రక్తం తీస్తుంది. పదిహేనేళ్ల అనుభవం, పదునైన నోరు. పొద్దుటి నుంచి తీసిన సీసాలన్నీ పోగుచేసి మధ్యాహ్నం ఉప్పల్‌లోని పెద్ద ల్యాబుకు పంపుతుంది. అక్కడ పరీక్ష చేసి సాయంత్రానికి ఫోనుకే రిపోర్టు పంపిస్తారు. షుగరు, కిడ్నీ, యూరిక్ ఆమ్లం, మూడూ కలిపి చవక ప్యాకేజీ. ఒకే సాదా సీసా రక్తం చాలు.

ఆషాఢంలో ఆగయ్యకు నూట అరవై ఎనిమిది వచ్చింది. శ్రావణంలో నూట పన్నెండు. ఆ రోజే మాత్రల డబ్బా కిటికీలోంచి పెరట్లోకి విసిరేశాడు. భాద్రపదంలో డెబ్భై నాలుగు వచ్చేసరికి కట్ట మీద నలుగురు కషాయం కోసం సీసాలు తెచ్చుకున్నారు. ఆగయ్య నడక మారిపోయింది. ఎదురొచ్చిన ప్రతివాళ్ల నాలుకా చూస్తానన్నాడు.

పైగా బరువు తగ్గుతున్నాడు. లారీలు లేని వేళ తానే వెళ్లి కాంట మీద నిలబడేవాడు. లారీల కాంట పది కిలోలకు తక్కువ తేడా చూపించదు. ఎనభై అని ఉన్నది ఒకరోజు డెబ్భై అయి కూర్చుంది. ఈ లోపల ఎంత తగ్గిందో తెలియకపోతే ఆగయ్యకు నిద్రపట్టదు కదా. కిలో తూకంరాళ్లు ఒక్కొక్కటే చేతిలో పట్టుకుంటూ, అంకె ఎక్కడ మారుతుందో చూసి తన బరువు కిలోకు కిలో తేల్చాడు. రెండు చేతుల్లో నాలుగు రాళ్లు పట్టుకుని మధ్యాహ్నం ఎండలో నిలబడ్డ పెద్దమనిషిని చూసి ఓ కొత్త డ్రైవరు దణ్ణం పెట్టి వెళ్లాడట.

ఇంట్లో మాత్రం లోకం వేరుగా నడుస్తోంది. సక్కుబాయి మేకు కాల్చి ఆయన బెల్టుకు ఒకదాని తర్వాత ఒకటి నాలుగు కొత్త బెజ్జాలు పెట్టింది. తెల్లారేసరికి తడిసి ముద్దయిన బనీన్లు తీగ మీద ఆరేసేది. అన్నిటికంటే ఆమెను బాధపెట్టింది కంచం. మూడు రొట్టెలు తిన్నాక 'ఇంకోటి ఎయ్యి' అనే మనిషి, రెండు ముద్దలకే కడుపు నిండిందని చెయ్యి కడుక్కుంటున్నాడు. ఎడమవైపు పక్కటెముకల కింద ఏదో బరువుగా ఉందంటాడు. మధ్యలో కాలి బొటనవేలు వంకాయలా ఉబ్బి వారం రోజులు కుంటాడు. అది టమాటాల వల్లనని తేల్చి ఇంట్లో టమాటాలు బందు చేయించాడు.

"నువ్వు సన్నగైతలేవయ్యా, అరిగిపోతున్నవ్. జర దవాఖానాకు పోదాం పా," అని ఆమె రోజూ అనేది.

"ఏమే, షుగర్ పోయింది, బరువు పోయింది, ఆకలి పోయింది. గింత ఖర్చులేని ఆరోగ్యం ఎవనికున్నది? దవాఖానోల్లే నా తాన నేర్సుకోవాలె."

సక్కుబాయి రాత్రి కలిపిన అన్నం అలాగే మిగిలిపోతే ఎదురింటి కుక్కకు పెట్టేది. ఆ కుక్క బలిసిన సంగతి వీధి వీధంతా గమనించింది.

దసరా ముందు వారం పందెం రిపోర్టుల కోసం ఇద్దరూ రక్తం ఇచ్చారు. ఆ సాయంత్రం ఆగయ్య కాంట గదిలో ఉండగా ల్యాబు నుంచి ఫోను వచ్చింది.

"సార్, మీరు స్పృహలో ఉన్నారా?" అంది కంగారుగా ఓ ఆడగొంతు.

"ఉన్న. ఇసుక బండి తూస్తున్న."

"కళ్లు తిరుగుతున్నాయా? చేతులు వణుకుతున్నాయా?"

"లేదమ్మా. ఏమాయె?"

"మీ షుగరు ముప్ఫై ఎనిమిది సార్! ఈ రిపోర్టుకు మీరు పడిపోయి ఉండాలి. వెంటనే చక్కెర తినండి."

ఆగయ్య ఫోను పెట్టేసి కాసేపు కళ్లు మూసుకున్నాడు. అది కళ్లు తిరిగి కాదు, ఆనందంతో. మనుషులు పడిపోయే షుగరుతో తాను ఇసుక బండి తూస్తున్నాడు. తనకు తెలిసినంతలో ఇలాంటి ఘనత ఎవరికీ దక్కలేదు.

మర్నాడు పొద్దున కట్ట మీద పెద్ద సభ. భూషణం రిపోర్టు నూట ముప్ఫై తొమ్మిది. మాట మీద నిలబడే మనిషి కనుక, ఆగయ్య తెచ్చిన స్టీలు గ్లాసు అందుకుని, కళ్లు గట్టిగా మూసుకుని మొదటిరోజు కషాయం తాగేశాడు. రెండు నిమిషాల దాకా ఆయనకు మాట రాలేదు. వచ్చాక అడిగిన మొదటి మాట ఇది.

"ఓడిపోయాను, ఒప్పుకున్నాను. ఒక్క చుక్క రక్తం ఇప్పించండి ఆగయ్య గారూ. ముప్ఫై ఎనిమిది అంకె నా మీటరులో ఎన్నడూ చూడలేదు."

విజేతలకు దానగుణం ఎక్కువ. ఆగయ్య వేలు చాచాడు. మీటరు ఐదు లెక్కపెట్టి రెండు వందల ముప్ఫై ఒకటి చూపించింది.

"మీ మిషన్ ఖరాబైంది!" అన్నాడు ఆగయ్య, కషాయం సీసాలు పట్టుకున్న నలుగురి వంకా చూస్తూ.

భూషణం తన వేలు పొడుచుకున్నాడు. నూట నలభై నాలుగు. ల్యాబు చెప్పినదానికి దగ్గరే. ఇంకో మనిషి పొడుచుకున్నాడు, అతనిదీ నిన్నమొన్నటి రిపోర్టుతో సరిపోయింది. ఆగయ్య చాచిన వేలు వెనక్కి తీసుకున్నాడు. తెలిసిన రాయి పెట్టినప్పుడు సరిగ్గా తూగిన కాంటను తప్పనడం ముప్ఫై నాలుగేళ్లలో ఆయన చేయలేదు. ఇప్పుడు తన పందెం కోసం చేస్తే ఆ ఎనిమిదిమంది కూలీలు ఎక్కడున్నా నవ్వుతారు.

ఆ రోజంతా కాంట గదిలో కూర్చుని అదే ఆలోచించాడు. అన్నం డబ్బా మూత తీయలేదు. సాయంత్రం నేరుగా సరిత దగ్గరికి వెళ్లాడు.

"బిడ్డా, ఈడ రెండొందల ముప్ఫై ఎక్కిన లోడు ఉప్పల్ల ముప్ఫై ఎనిమిది దిగింది. రెండు కాంటలు సక్కగనే ఉన్నయ్. అంటే తొవ్వల దొంగ ఉన్నడు."

"నా మీదనే దొంగతనం పెడ్తున్నవా కాకా?" సరిత గయ్యిమంది. "నీ రక్తంల చక్కెర తీసుకపోయి నేను చాయ్‌ల ఏసుకుంటానా?"

"నీ మీద కాదు. సరుకు వెంబడి పోతెనే దొంగ దొరుకుతడు. రేపు ఐతారం. నా కాంట కాడికి రా. నా కండ్లముందట తియ్యి, నా కండ్లముందటనే గంట గంటకు తూద్దాం."

కోపంతోనే వస్తానంది. రోషం లేకపోతే ఆ పరీక్ష జరిగేదే కాదు. ఆదివారం ఎనిమిదింటికి కాంట గదిలో ఆగయ్యది ఒక సీసా, భూషణానిది ఒక సీసా రక్తం తీసింది. ఈసారి రక్తం గడ్డకట్టకుండా మందు వేసిన ఊదారంగు మూత సీసాలు. రెంటినీ చాయ్ గ్లాసులో నిలబెట్టారు. భూషణం మీటరుతో ఒక్కో చుక్క చూసి పాత కాంట చిట్టీ వెనక రాశాడు. ఆగయ్యది రెండు వందల ముప్ఫై నాలుగు, భూషణానిది నూట యాభై ఎనిమిది.

తొమ్మిదింటికి ఆగయ్యది నూట ఎనభై రెండు, భూషణానిది నూట యాభై. పదింటికి ఆగయ్యది నూట ముప్ఫై ఎనిమిది, భూషణానిది నూట నలభై మూడు.

"గ్లాసుల ఉన్నది ఉన్నట్టే ఉన్నది. ఎవడూ ముట్టలేదు. ఎట్ల పోతున్నది?" అన్నాడు ఆగయ్య. ఆయన గొంతులో భయం లేదు. దొంగ జాడ దొరికినప్పుడు వచ్చే హుషారు ఉంది.

"రక్తం బయటకొచ్చినంక కూడ కణాలు కొంచెం చక్కెర తింటనే ఉంటయ్ కాకా. భూషణం సార్‌ది సూడు, గంటకు ఏడో ఎనిమిదో. నీది గంటకు యాభై పోతున్నది. గింత తిండి నేనెన్నడు సూడలే," అంది సరిత. ఆమె కోపం ఎప్పుడో పోయింది.

ఇంతలో ఇద్దరు ఇనుప సామాను డ్రైవర్లు ముందు ఎవరి బండి ఎక్కాలన్న దాని మీద కొట్టుకున్నారు. ఆగయ్య వెళ్లి ఇద్దరినీ తిట్టి, రెండు బండ్లనూ తూచి వచ్చేసరికి పదకొండున్నర దాటింది. సక్కుబాయి అన్నం డబ్బాతో వచ్చి గుమ్మంలో నిలబడి ఉంది. సీసాలను ఇంతసేపూ ఎవరూ కదిలించలేదు. రక్తం తేరుకుని ఎర్రదనం అడుక్కి దిగింది, పైన పసుపు నీరు తేలింది. సరిత వాటిని తీయబోయి ఆగిపోయింది.

భూషణం సీసాలో ఎరుపుకీ పసుపుకీ నడుమ దారప్పోగంత తెల్లగీత ఉంది. ఆగయ్య సీసాలో ఆ తెలుపు చిటికెన వేలు మందాన, మీగడ కట్టినట్టు ఉంది.

"గదేంది?" అడిగింది సక్కుబాయి.

సరిత ఆగయ్య సీసాను మెల్లగా ఆడించి ఒక చుక్క మీటరుకు ఇచ్చింది. అరవై ఒకటి. సీసాను సంచిలో పెట్టుకుని, సెలవురోజని చూడకుండా స్కూటీ వేసుకుని ఉప్పల్ వెళ్లిపోయింది. సాయంత్రం తానే ఇంటికొచ్చి చెప్పింది. మామూలుగా పదకొండు వేలు దాటకూడని తెల్లకణాలు మూడు లక్షల పన్నెండు వేలున్నాయి.

"దొంగ తొవ్వల లేడన్నట్టు," అన్నాడు ఆగయ్య. "లోడులనే పండుకున్నడు."

గెలుపు తారుమారైంది కనుక, పందెం ప్రకారం ఆయన భూషణం చెప్పిన డాక్టరు దగ్గరికి నోరు మూసుకుని వెళ్లాలి. వెళ్లాడు. నోరు మాత్రం మూయలేదు. నడుములో సూది పెట్టి ఎముకలోని మూలుగ తీస్తుంటే కూడా సూది సైజు అడిగాడు. నాలుగు రోజుల తర్వాత డాక్టరమ్మ ఆయన్నీ సక్కుబాయినీ భూషణాన్నీ కూర్చోబెట్టి చెప్పింది. ఇది రక్త క్యాన్సరు, నెమ్మదిగా పెరిగే రకం. ఒంటికి కాపలా కాయాల్సిన తెల్లకణాలు లెక్కకు మించి పుట్టుకొస్తున్నాయి. సీసాలో ఉంటే సీసాలోని చక్కెర తింటాయి, ఒంట్లో ఉంటే ఒంటిని తింటాయి. పగలూ రాత్రీ పనిచేసే ఫ్యాక్టరీలాగా ఒళ్లు వేడెక్కుతుంది, చెమటలు పడతాయి, కండ కరుగుతుంది. అవి చచ్చినప్పుడు మిగిలే చెత్త యూరిక్ ఆమ్లమై బొటనవేలిలో చేరుతుంది. వాటితో ఉబ్బిన, ఎడమ పక్కటెముకల కింది ప్లీహం కడుపును నొక్కుతుంది గనుక రెండు ముద్దలకే చాలనిపిస్తుంది.

ఆగయ్య ఒక్కొక్క మాటకూ తల ఊపుతున్నాడు. మూడు నెలల్లో తాను గెలిచినవన్నీ ఆమె ఒక్కొక్కటే వెనక్కి తీసుకుంటోంది.

"మరి షుగర్?" అన్నాడు ఆశగా.

"ఎక్కడికీ పోలేదు, పెరిగింది. మాత్రలు మానేశారు కదా. మీ బరువులో కొంత ఈ కణాలు తిన్నాయి, కొంత మీ కషాయం పుణ్యం."

భూషణం దగ్గు వచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. సక్కుబాయి మాత్రం ఒకటే అడిగింది. "బతుకుతడా అమ్మా?"

"దీనికి మంచి మాత్ర ఉందమ్మా. రోజూ వేసుకోవాలి, ఒక్కరోజు కూడా మానకూడదు. క్రమంగా వాడినవాళ్లలో చాలామంది ఏళ్ల తరబడి మామూలుగా బతుకుతున్నారు. ఇంకొన్నాళ్లు ఆ రిపోర్టు చూసి మురిసిపోతూ కూర్చుంటే నేనీ మాట చెప్పగలిగేదాన్ని కాదు."

ఆ మాటకు ఆగయ్యకు మొదటిసారి భయం వేసింది. చావంటే కాదు. ఇంట్లో తడి బనీన్లు, బెల్టు బెజ్జాలు, మిగిలిన అన్నం, అన్నీ మూడు నెలలు కళ్లముందే ఉన్నాయి. టైర్లు చూసి టన్నులు చెప్పే మనిషి వాటిని చూడలేదు. చూసిన మనిషి చెబితే వినలేదు. దవాఖానా మెట్లు దిగుతూ సక్కుబాయి చెయ్యి పట్టుకున్నాడు. పెళ్లయి నలభై ఏళ్లలో నలుగురి ముందు ఆ పని చేయడం అదే మొదలు, ఆమె సిగ్గుతో లాక్కోబోయింది గానీ ఆయన వదల్లేదు.

దసరా రోజు జమ్మి పంచుకోవడానికి కట్ట మీద చేరినవాళ్ల ముందు ఆగయ్య నిలబడి, తన కషాయం ఎవరూ తాగవద్దని, మాత్రలు మానవద్దని చెప్పాడు. ఓటమి ఒప్పుకున్నాడు. "కానీ దొంగను పట్టింది నేనే, గది యాదుంచుకోండ్రి," అని కూడా అన్నాడు. తాగిన ఒక్క గ్లాసుకు బదులేమిటని భూషణం అడిగితే, దానికి చిట్టీ లేదన్నాడు.

మాత్రలు మొదలుపెట్టాక కొన్నాళ్లు వాంతులు, కళ్ల కింద వాపు. రెండు డబ్బాలకూ కలిపి సక్కుబాయి కాపలా. షుగరు మాత్ర పొద్దున, క్యాన్సరు మాత్ర అన్నం తిన్నాక, ఆమె ఎదురుగానే మింగి నోరు తెరిచి చూపించాలి. మూడో నెలకు తెల్లకణాలు తొమ్మిది వేలకు దిగాయి. సాదా సీసాలో తీసిన షుగరూ మీటరు షుగరూ ఒకటే చెప్పాయి. రెండూ నూట యాభై చిల్లర. అంత మామూలు అంకెను చూసి సరిత గదిలోనే ఈల వేసింది.

శివరాత్రి వెళ్లిన వారానికి ఒక మధ్యాహ్నం ఆగయ్య రాళ్లేవీ పట్టుకోకుండా కాంట ఎక్కాడు. అరవై దగ్గరికి జారిపోయిన అంకె మళ్లీ డెబ్భై చూపించింది. తన పేరు మీద చిట్టీ కొట్టుకుని, చేతిలో పట్టుకుని ఇంటికి నడిచాడు.

"సూడే, డెబ్భై!" అన్నాడు గుమ్మంలోంచే.

సక్కుబాయి చిట్టీ వంక చూడలేదు. దగ్గరికొచ్చి ఆయన బెల్టు పట్టుకుని బెజ్జాలు లెక్కపెట్టింది. తాను పెట్టిన నాలుగింటిలో కొక్కెం రెండు దాటి వచ్చింది. "ఇంక రెండున్నయ్," అని, కంచంలో రెండు జొన్నరొట్టెలు వేసి, పక్కన టమాటా పచ్చడి పెట్టింది.

ఆగయ్య పచ్చడి నంజుకుంటూ తిన్నాడు. రెండూ అయిపోయాయి. కంచం ముందుకు జరిపాడు.

"ఇంకోటి ఎయ్యి."

పొయ్యి దగ్గరున్న సక్కుబాయి కదల్లేదు. ఆరేడు నెలలైంది ఆ మాట ఆ ఇంట్లో వినపడి. కొంగుతో మొహం తుడుచుకుని, వెనక్కి తిరగకుండానే అరిచింది.

"షుగరున్నోనివి! రెండు రొట్టెలే నీకు, డాక్టరమ్మ ఏం జెప్పింది?"

అరుస్తూనే మూడో రొట్టె తెచ్చి కంచంలో వేసింది.